కారులో రేడియో నుంచి తలుపులో స్పీకరు దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు పెన్షన్ రివిజన్ మీద వ్రాయనా అని అడిగాను. "దాని మీద ఇప్పటికే ఐదుగురు వ్రాశారండీ, మీరు చరిత్ర లాంటిది ఏదైనా చూడండి" అన్నారు. రాజులూ శాసనాలూ నాకు రావు. నాకు కాస్తో కూస్తో తెలిసిన చరిత్ర ఒక్కటే ఉన్నది. అది కారులో రేడియో చరిత్ర, కారు స్పీకర్ల చరిత్ర. ఇదేం విషయం అని నవ్వుకొనే మిత్రులు రెండు పేజీలు ఓపిక పట్టగలరని మనవి.

నిజానికి ఈ విషయంతో మన శాఖకు పాత బంధుత్వమే ఉన్నది. నేను 1969లో టైమ్ స్కేల్ క్లర్కుగా చేరిన కొత్తలో నన్ను కూర్చోబెట్టిన కౌంటర్లలో రేడియో లైసెన్సుల కౌంటరు ఒకటి. ఈనాటి పిల్లలకు చెబితే నమ్మరు గాని, ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉన్నవాడు ఏడాదికోసారి పోస్టాఫీసుకు వచ్చి 15 రూపాయలు కట్టి, లైసెన్సు పుస్తకంలో స్టాంపు అంటించుకొని, దాని మీద మన తేదీ ముద్ర వేయించుకొని పోవాలి. కారులో రేడియో పెట్టుకొన్నా లైసెన్సు ఉండాల్సిందే. ఇంట్లో రేడియోలు వందల్లో ఉంటే కారు రేడియో గలవారు మా ఊళ్ళో వ్రేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. వారు వచ్చినప్పుడు నేను లైసెన్సు పని నిదానంగా చేస్తూ, "ఎట్లా వినబడుతుందండీ, ఇంజను మోతలో?" అని కుశల ప్రశ్న వేసేవాణ్ణి. ఒక డాక్టరు గారు ఒకసారి విసుగ్గా, "ఇంజను ఆపితే బాగానే వినబడుతుందయ్యా" అన్నారు. ఆ లైసెన్సులు 1980ల నడుమ రద్దయిపోయాయి. ఆ డాక్టరు గారి మాట మాత్రం నాకు మిగిలింది. ఆలోచించి చూస్తే కారు రేడియో చరిత్ర అంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు ఎత్తుకొన్నానంటే, మా ఇంట్లో పోయిన ఏడాది దీని మీద పెద్ద చర్చ నడిచింది. మా ఆవిడకు నాలుగేళ్ళుగా వినికిడి తగ్గింది. చెవి మిషను ఉన్నది. ఇంట్లో పెట్టుకొంటుంది. కారు ఎక్కగానే తీసి పర్సులో వేసుకొంటుంది. అది రోడ్డు మోతనంతా పోగుచేసి చెవిలో పోస్తుందట. మేము గుంటూరు నుంచి ఒంగోలుకు తరచుగా వెళుతుంటాము. ఆ రెండు గంటలూ ఆవిడ కిటికీలోంచి చూస్తూ మౌనంగా కూర్చుంటుంది. పాట వేస్తే "ఏమంటున్నాడు?" అని రెండుసార్లు అడుగుతుంది. మూడోసారి అడగదు. ఒకప్పుడు రేడియోలో పాట మొదటి అక్షరం పలకక ముందే సినిమా పేరు చెప్పిన మనిషి. మా అబ్బాయి, "నాన్నా, అమ్మకు వినపడడం లేదు, కారులో పెద్ద సిస్టం పెట్టిద్దాం" అన్నాడు. ఆ చర్చలో భాగంగా నేను మళ్ళీ పాత పుస్తకాలు, కాగితాలు తిరగేశాను.

కారులో రేడియో పెట్టాలన్న కోరిక రేడియో ప్రసారాలు మొదలైన రోజుల నాటిదే. అమెరికాలో 1922లోనే ఒక షెవర్లె కారులో రేడియో అమర్చారు. ఏరియల్ కారు పైకప్పు అంతా పరచుకొని ఉండేది, బ్యాటరీలు విడిగా మోయవలసి వచ్చేది. అది ముచ్చటకే తప్ప వాడుకకు పనికిరాలేదు. అసలు కథ 1930లో షికాగోలో మొదలైంది. అక్కడ పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములకు ఒక చిన్న కంపెనీ ఉండేది. ఆర్థిక మాంద్యం రోజులు. ఉన్న సరుకుకు గిరాకీ లేదు. అప్పుడు పాల్ గాల్విన్ తన స్టుడిబేకర్ కారులో రేడియో పెట్టించి, ఆ ఏడాది జూన్‌లో అట్లాంటిక్ సిటీలో జరిగిన రేడియో తయారీదారుల మహాసభకు దాన్ని నడుపుకొంటూ వెళ్ళాడు. లోపల స్టాలు తీసుకొనేందుకు డబ్బు లేదు. కారును బయట నిలిపి, రేడియో గట్టిగా పెట్టి, వచ్చేపోయే వారికి వినిపించాడు. ఆర్డర్లు వచ్చాయి. ఆ రేడియోకు "మోటారు"కు "ఓలా" చేర్చి మోటరోలా అని పేరు పెట్టారు. గ్రామఫోన్లకు విక్ట్రోలా వంటి పేర్లు ఉన్న రోజులు అవి. 1947లో కంపెనీ పేరు కూడా అదే అయింది. ధర 110 నుంచి 130 డాలర్ల దాకా. ఆనాడు మామూలు ఫోర్డు కారు 500 డాలర్ల దరిదాపుల్లో దొరికేదంటే, కారు ఖరీదులో నాలుగో వంతు రేడియోకు పెట్టారన్న మాట. మా అబ్బాయి అడిగిన సిస్టం ధర విని నేను గుండె పట్టుకొన్నప్పుడు ఈ లెక్క కాస్త ఊరటనిచ్చింది.

గాల్విన్ గురించి ఇంకో కథ చెబుతారు. అప్పు కోసం ఒక బ్యాంకరు గారిని మంచి చేసుకొందామని ఆయన ప్యాకార్డ్ కారులో రేడియో అమర్చాడట. అరగంటలో ఆ కారు అంటుకొన్నదట. ఇది ఎంతవరకు నిజమో గాని, నేను మాత్రం నమ్ముతాను. ఎందుకు నమ్ముతానో ముందు ముందు చెబుతాను.

ఇక్కడ తంతి విభాగంలో చేసిన మిత్రులకు నచ్చే విషయం ఒకటి ఉన్నది. మార్కోనీ మొదటి వైర్‌లెస్ పంపించింది నిప్పురవ్వతోనే గదా. మోటారు ఇంజనులో ప్రతి స్పార్క్ ప్లగ్గూ ఒక చిన్న నిప్పురవ్వ ట్రాన్స్‌మిటరే. నిమిషానికి వేలసార్లు టపటపమని అది ప్రసారం చేస్తూ ఉంటే, దానికి రెండు గజాల దూరంలో రేడియో పెట్టి ఎక్కడో ఉన్న స్టేషను వినాలి! డైనమో ఈల వేసేది, ఇంజను వేగంతో పాటు ఆ ఈల స్థాయి కూడా పెరిగేది. ప్లగ్గుల తీగల్లో రెసిస్టర్లు, డైనమోకు కండెన్సరు, రేడియోకు లోహపు పెట్టె, ఇట్లా ఒక్కొక్క శత్రువును కట్టడి చేస్తూ వచ్చారు.

రెండో చిక్కు కరెంటుది. వాల్వు రేడియోకు సుమారు 200 వోల్టులు కావాలి. కారు బ్యాటరీ ఆనాడు చాలా కార్లలో 6 వోల్టులే. దీనికి వైబ్రేటర్ అనే సాధనం కనిపెట్టారు. మన ఎలక్ట్రిక్ కాలింగ్ బెల్‌లో కొట్టుకొనే రేకు లాంటిదే అది. బ్యాటరీ కరెంటును తెంచుతూ కలుపుతూ ఉంటే, ఆ తెగిన కరెంటును ట్రాన్స్‌ఫార్మరు పైకెత్తుతుంది. ఆ రేకు కొట్టుకొనే జుమ్మనే రొద పాట వెనక తంబురా లాగా ఎప్పుడూ ఉండేది.

యూరపులో 1932లో జర్మనీ నుంచి బ్లౌపుంక్ట్ వారి ఆటోసూపర్ ఏ.యస్.5 వచ్చింది. బరువు సుమారు 15 కిలోలు. డాష్‌బోర్డు దగ్గర పెట్టే చోటు లేక పెట్టెను విడిగా అమర్చి, స్టీరింగు దగ్గర నుంచి తీగతో తిప్పేవారు. బ్లౌపుంక్ట్ అంటే నీలి చుక్క. ఆ సంస్థ మొదట హెడ్‌ఫోన్లు తయారు చేసేది. ఒక్కొక్కటీ పరీక్షించి, బాగున్నదానికి నీలి చుక్క పెట్టేవారు. కొనేవారు "ఆ నీలి చుక్కది ఇవ్వండి" అని అడగడం మొదలుపెట్టారు. పోనుపోను చుక్కే పేరైపోయింది. చెవితో విని చుక్క పెట్టడం అనే మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వాట్లు చూసి కాదు, విని!

ఆ కొత్తలోనే కారు నడుపుతూ రేడియో వింటే ప్రమాదాలు జరుగుతాయని, దాన్ని నిషేధించాలని అమెరికాలో కొన్నిచోట్ల చట్టాలు ప్రతిపాదించారు. ఈనాడు సెల్‌ఫోను గురించి అంటున్న మాటలే. నిషేధం నిలబడలేదు, రేడియోయే నిలబడింది.

ట్రాన్సిస్టరు వచ్చి వైబ్రేటర్‌ను ఇంటికి పంపించింది. 1955లో ఫిల్కో, క్రైస్లర్ కలిసి పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియోను ప్రకటించాయి. దాని ధర 150 డాలర్లు. 1956 మోడళ్ళలో అదే క్రైస్లర్ వారు కారులో గ్రామఫోను కూడా పెట్టి చూశారు. నిమిషానికి 16 చిల్లర చుట్లు తిరిగే ప్రత్యేకమైన రికార్డులు. గతుకుల రోడ్డు మీద గ్రామఫోను ఏమవుతుందో మన గుంటూరు జిల్లా వారికి నేను చెప్పనక్కరలేదు. కొద్దికాలానికే ఎత్తేశారు.

మన దేశంలో అంబాసిడర్ 1958లో వచ్చింది, 2014లో తయారీ ఆగింది. నేను చూసిన కారు రేడియోలు చాలావరకు అంబాసిడర్‌లోనివీ, ఫియట్‌లోనివీ. స్పీకరు ఒక్కటే. ముందు భాగంలో ఉండేది. మీడియం వేవ్ మీద విజయవాడ కేంద్రం, 1957 అక్టోబరులో మొదలైన వివిధభారతి, ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. హై టెన్షన్ తీగల కింద పోతే బుర్రుమనేది, వంతెన మీద పడిపోయేది. బ్రిటిష్ పద్ధతి కార్లలో కొన్నింటికి బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి కలిపేవారు. ఆ సంగతి తెలియక మైనస్ అనుకొని ట్రాన్సిస్టరు రేడియో తగిలిస్తే మరుక్షణం అది కాటికి పోయేది. అట్లా పోయినవి నేను రెండు చూశాను. ఇన్ని లోపాలున్నా ఒక గుణం ఉండేది. ఆ స్పీకరులో బాస్ అనేది దాదాపు లేదు, కీచుమనే కొసలూ లేవు. మధ్యలో ఉండే మనిషి గొంతు మాత్రం ఎదురుగా కూర్చొని మాట్లాడినట్లు వచ్చేది. వార్తల్లో ఒక్క మాట పోయేది కాదు.

ఆ తరువాత టేపుల కాలం. అమెరికాలో ఎనిమిది ట్రాకుల కార్ట్రిడ్జి వచ్చింది. దీన్ని తీర్చిదిద్దిన విలియం లియర్, 1930లో గాల్విన్‌తో కలిసి తొలి మోటరోలా రేడియోకు పని చేసినవాడే. లియర్‌జెట్ విమానాలు కూడా ఆయనవే. 1966 మోడల్ ఫోర్డు కార్లలో దాన్ని పెట్టి అమ్మారు. టేపు ముగింపు లేకుండా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, ట్రాకు మారేటప్పుడు ఒక్కోసారి పాట మధ్యలో టక్కున తెగేది. దీన్ని ఓడించినది ఫిలిప్స్ క్యాసెట్. లౌ ఓటెన్స్ బృందం తయారుచేసి 1963లో బెర్లిన్ ప్రదర్శనలో పెట్టిన ఆ చిన్న పెట్టె, డిక్టేషన్‌కు పనికొస్తే చాలనుకొన్నది, 1968 నాటికి కారులోకి ఎక్కింది. మన దేశంలో ఆ వైభవం 1980లలో చూశాము. ఘంటసాల గారి భగవద్గీత రికార్డుగా 1974లో, ఆయన పోయిన ఏడాదే, విడుదలైంది. తరువాత దాని క్యాసెట్ లేని టాక్సీ మా ప్రాంతంలో నేను ఎక్కినట్లు గుర్తు లేదు. వేసవిలో డాష్‌బోర్డు మీద మరిచిపోతే క్యాసెట్ వంకర పోయేది. టేపు చుట్టుకుపోతే పెన్సిలు పెట్టి తిప్పుకోవడం మన పిల్లలందరికీ వచ్చిన విద్య.

అప్పుడే బూస్టర్ల పిచ్చి వచ్చింది. అందులో నేనూ పడ్డాను.

నాకు చిన్నప్పటి నుంచి సోల్డరింగ్ ఐరను పట్టుకొనే అలవాటు ఉన్నది. మా చెల్లెలి భర్తకు, అంటే మా బావగారికి, ఒక అంబాసిడర్ ఉండేది. 1987లో ఆయన క్యాసెట్ ప్లేయరు పెట్టించుకొని, "ధ్వని చాలడం లేదు బావా, నువ్వేమన్నా చేయగలవా?" అన్నారు. నేను విజయవాడ వెళ్ళి, ఎర్రదీపాలు పైకీ కిందికీ ఆడే ఒక బూస్టరు, వెనక అద్దం కింద పెట్టే రెండు కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లు తెచ్చాను. దాని మీద 100 వాట్లు అని వ్రాసి ఉన్నది. ఒక ఆదివారం కూర్చొని బిగించాను. బ్యాటరీ నుంచి బూస్టరుకు ఇంట్లో మిగిలిపోయిన లైటు వైరు లాగాను. ఫ్యూజు పెట్టలేదు. "తరువాత పెడదాం" అనుకొన్నాను. ఆ "తరువాత" అనే మాట మీద నాకు ఈనాటికీ భయమే.

నెల తిరక్క ముందే పెళ్ళికి పోతున్నాము. బావగారు నడుపుతున్నారు, పక్కన నేను, వెనక మా చెల్లెలు, మా ఆవిడ. వారి ఒడిలో ఆరేళ్ళ మేనకోడలు నిద్రపోతున్నది. రేకు అంచు రాసుకొని వైరు పైతొడుగు కోసుకుపోయినట్లున్నది, ముందు కమురు వాసన, తరువాత డాష్‌బోర్డు కింద నుంచి తెల్లటి పొగ. బావగారు బండి ఆపీ ఆపకముందే నేను దూకి బానెట్ ఎత్తి, చేతికి దొరికిన తువ్వాలు చుట్టి బ్యాటరీ కొసను పీకాను. అరచెయ్యి కాలింది. పాపను మా చెల్లెలు రోడ్డు అవతలకు ఎత్తుకుపోయింది. వెనక సీటు దాకా రాలేదు గాని, వైరు కార్పెట్ కింద పాప పడుకొన్న సీటు పక్క నుంచే పోయింది. దాని పొడుగునా తొడుగు కరిగి అట్టకట్టి ఉన్నది. బావగారు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. ఏడాది పాటు మా ఇంటికి రాలేదు, వచ్చినా నాతో ముభావంగానే ఉన్నారు. తప్పు కొట్టువాడిది కాదు, బూస్టరుది కాదు. పూర్తిగా నాదే.

లెక్క చెబితే చిన్న పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ఇంట్లో 230 వోల్టుల మీద 100 వాట్ల బల్బు అర ఆంపియరు కూడా లాగదు. 12 వోల్టుల మీద అదే 100 వాట్లకు ఎనిమిది ఆంపియర్ల పైమాటే. అందుకే కారులో వైరు లావుగా ఉండాలి. ఇక బ్యాటరీ కొస బాడీకి తగిలిందంటే, ఇంజను తిప్పడానికి వందల ఆంపియర్లు ఇచ్చే ఆ బ్యాటరీ అంతా ఆ సన్నపు వైరులోంచే పోతుంది. ఫ్యూజు ఉండవలసింది బూస్టరు దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర, జానెడు మూరెడు దూరంలోపల. ఎందుకంటే అది కాపాడవలసింది మధ్యనున్న వైరును. మీ మనవలు కారులో యాంప్లిఫయరు పెట్టిస్తుంటే ఈ ఒక్క ప్రశ్న అడగండి. వాళ్ళు విసుక్కొన్నా సరే.

వాట్ల సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. కారు ప్లేయరు అట్ట మీద "50 వాట్లు ఇంటూ 4" అని ఉంటుంది. ఇంజను నడిచేటప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. స్పీకరు 4 ఓములు. మామూలు సర్క్యూటు అయితే దీనిలోంచి నికరంగా వచ్చేది ఆరున్నర వాట్లు. రెండు యాంప్లిఫయర్లను ఎదురెదురుగా కట్టే బ్రిడ్జి పద్ధతిలో అయితే లెక్క ప్రకారం 26, చేతికి అందేది ఇరవై దరిదాపు. ఇంతకంటే కావాలంటే వోల్టేజి పెంచే విడి యాంప్లిఫయరు ఉండాల్సిందే. అట్ట మీది యాభై అనేది క్షణకాలపు ముచ్చట. పైగా వాట్లు రెట్టింపు చేస్తే చెవికి తెలిసేది 3 డెసిబెల్స్ మాత్రమే. ధ్వని రెట్టింపైందని చెవికి అనిపించాలంటే శక్తి దాదాపు పదిరెట్లు కావాలి. అదే 20 వాట్లకు, 3 డెసిబెల్స్ ఎక్కువ పలికే స్పీకరు కొంటే, 40 వాట్లు పెట్టినట్లే. కొట్టువాళ్ళు ఇది చెప్పరు. పెట్టె అమ్మితేనే గదా వారికి.

కారుకు తగిన స్పీకరు అనే ఆలోచనను ఒక పద్ధతిగా చేసినవారిలో మనం గర్వంగా చెప్పుకోదగిన పేరు అమర్ బోస్. తండ్రి బెంగాల్ నుంచి, తెల్లవారి పాలన మీద పోరాడి, అమెరికా వెళ్ళిపోయినవాడు. అమర్ బోస్ 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టి, ఎం.ఐ.టి.లో ప్రొఫెసరుగా పనిచేస్తూ సొంత సంస్థ పెట్టాడు. 2013లో మరణించాడు. ఆయన సంస్థ జనరల్ మోటార్స్‌తో కలిసి 1983 మోడల్ కాడిలాక్ సెవిల్ వంటి కొన్ని కార్లకు, ఆ కారు లోపలి ఆకారాన్ని, సీట్లను, అద్దాలను లెక్కలోకి తీసుకొని ప్రత్యేకంగా ధ్వని వ్యవస్థ తయారుచేసింది. అంతకు ముందు స్పీకరును కొని కారులో పెట్టేవారు. ఇది కారును కూడా వాయిద్యంలో భాగంగా చూడటం. 1984లో సీడీ కారులోకి వచ్చింది. అమెరికాలో కొత్త కారుతో పాటు క్యాసెట్ ప్లేయరు ఇవ్వడం 2010 మోడల్ లెక్సస్‌తో ఆగిందని చదివాను. తరువాత పెన్‌డ్రైవులు, బ్లూటూత్. అదంతా మీ మనవలే మీకు చెబుతారు.

ఇక మా కారు సంగతి. అబ్బాయి నన్ను, వాళ్ళమ్మను తీసుకొని ఒక పెద్ద కొట్టుకు వెళ్ళాడు. అక్కడి కుర్రవాడు డిక్కీలో పెట్టే పన్నెండు అంగుళాల సబ్ వూఫరు, వెయ్యి వాట్ల యాంప్లిఫయరు, మొత్తం 38 వేలు అన్నాడు. ప్రదర్శన కారులో కూర్చోబెట్టి వినిపించాడు. సీటు అదిరింది. నా బనీను కూడా అదిరింది. మా ఆవిడను, "ఏమే, వినబడుతున్నదా?" అని అడిగాను. "వినబడటం కాదండీ, తగులుతున్నది. కానీ ఏమంటున్నాడు?" అన్నది.

ఆ మాటతో నాకు దారి దొరికింది. వయసు మీరితే ముందుగా పోయేది సన్నని ధ్వనులు. స, శ, త, క వంటి హల్లులు ఆ పైస్థాయిలోనే ఉంటాయి. అచ్చుల బలం కింద ఉంటుంది. అందుకే మనకు "శబ్దం వినపడుతున్నది, మాట తెలియడం లేదు" అనిపిస్తుంది. టైర్ల మోత, ఇంజను మోత ఎక్కువగా కిందిస్థాయివి. కిందిస్థాయి మోత పైస్థాయి ధ్వనులను కప్పేస్తుంది. దాని మీద వూఫరు కూడా పెడితే, కప్పిన దుప్పటి మీద బొంత కప్పినట్లే. కేవలం గట్టిగా పెట్టడమూ మందు కాదు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు అనే హద్దు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సగమవుతూ పోతుంది. ఉన్న కాస్త వినికిడీ పోతుంది.

"వూఫరు వద్దు" అన్నాను. అబ్బాయి ముఖం చిన్నబోయింది. మరుసటి ఆదివారం ఇంట్లోనే ముందు తలుపుల అట్టలు విప్పించాను. మాది సెకండ్ హ్యాండ్ కారు. పాత యజమాని ఎప్పుడో స్పీకర్లు మార్పించాడు. గోడగడియారం సెల్లు, అంటే ఒకటిన్నర వోల్టులది, తీసి రెండు వైర్లకు తాకించి చూపించాను. కుడి తలుపు స్పీకరు అట్ట బయటకు వచ్చింది, ఎడమది లోపలికి పోయింది. అంటే ఒకదానికి ప్లస్ మైనస్‌లు తారుమారు. ఒకటి గాలిని నెడుతుంటే ఇంకొకటి లాగుతున్నది, మధ్యలో కిందిస్థాయి ధ్వని చచ్చిపోతున్నది, గొంతు ఎటు నుంచి వస్తుందో తెలియడం లేదు. నాలుగేళ్ళుగా మేము అట్లాగే వింటున్నాము! అబ్బాయి ఆ సెల్లును అటూ ఇటూ తాకించి పదిసార్లు చూసుకొన్నాడు. ఇంజనీరింగు చదివినవాడే.

తలుపు లోపలి రేకుకు చేట పట్టేటంత రంధ్రాలు ఉంటాయి, వాటికి పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. స్పీకరు ముందు నుంచి వచ్చే అలకు, వెనక నుంచి వచ్చే అలకు ఆ రంధ్రాల్లోంచి దారి దొరికితే ఒకదాన్నొకటి కొట్టేసుకొంటాయి. జిగురు తారులాగా ఉండి పైన అల్యూమినియం పూత ఉన్న రేకులు దొరుకుతున్నాయి. వాటితో ఆ రంధ్రాలు మూయించాము. తలుపు అడుగున నీళ్ళు పోయే చిల్లులు మాత్రం వదిలేశాము. అద్దం వెంట వానవాళ్ళు లోపలికి దిగుతాయి, ఆ చిల్లులు మూస్తే తలుపు తుప్పు పడుతుంది. ఆరున్నర అంగుళాల మంచి స్పీకర్లు రెండు తలుపుల్లో, వాటి సన్నధ్వనుల ట్వీటర్లు అద్దం మూలల్లో చెవి ఎత్తుకు దగ్గరగా. పెట్టె పాతదే, మార్చలేదు. వెనక స్పీకర్లను దాదాపు సున్నాకు తగ్గించాను. బాస్ కాస్త తగ్గించి, మధ్య, పై స్థాయిలు కొంచెం పెంచాను. ఖర్చు తొమ్మిదిన్నర వేలు. నాకు తెలియకుండానే పాత అంబాసిడర్‌లో ముందున్న ఆ ఒంటి స్పీకరు దగ్గరికే తిరిగి చేరానేమో అనిపించింది.

తరువాతి నెలలో ఒంగోలు బయలుదేరాము. మా ఆవిడ ఎప్పటిలాగే మిషను తీసి పర్సులో వేసుకొన్నది. అబ్బాయి ఘంటసాల గారి భగవద్గీత పెట్టి, తల్లి కోసమని బాగా పెంచాడు. చిలకలూరిపేట దాటే దాకా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. నేను కూడా అడగలేదు, అడిగితే నా మనసు కోసం బాగున్నదంటుందని. దాటాక అబ్బాయి భుజం తట్టి, "కొంచెం తగ్గించరా, ఎందుకంత గట్టిగా? తాత్పర్యం చక్కగా తెలుస్తూనే ఉన్నది" అన్నది.

ఒంగోలులో మేము వెళ్ళేది ఆ మేనకోడలి ఇంటికే. ఆనాడు వెనక సీటులో నిద్రపోయిన పిల్ల ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. వాళ్ళ నాన్న, మా బావగారు, పోయి ఆరేళ్ళయింది. పాపకు సంబంధం కుదిరినప్పుడు పెళ్ళి పందిట్లో మైకు సెట్టు వైరింగు చూడమని నన్నే పురమాయించి, పదిమందిలో "ఫ్యూజు పెట్టావా బావా?" అని అడిగి నవ్వినవాడు ఆయన. ఆ తరువాత అది మా రెండిళ్ళలోనూ సామెత అయిపోయింది. ఈసారి మా అబ్బాయి కారు తలుపు తీసి కొత్త స్పీకర్లు గర్వంగా వినిపిస్తుంటే, ఆ పిల్ల వచ్చి వంగి లోపలికి చూసి, అచ్చం వాళ్ళ నాన్న గొంతుతో, "ఫ్యూజు పెట్టించావా మామయ్యా?" అన్నది.

"ఈసారి బ్యాటరీ జోలికే పోలేదమ్మా" అన్నాను.